నెల్లూరు ఎండలో ఎలక్ట్రిక్ కారు: యూనిట్ల లెక్కతో రేంజి, చార్జింగ్, మైలేజీ – సమగ్ర మార్గదర్శి

కావలి దగ్గర హైవే పక్కన టీ కొట్టు ముందు కారు ఆపితే చాలు, ఆకుపచ్చ నంబరు ప్లేటు చూసి ఎవరో ఒకరు వచ్చి పలకరిస్తారు. మాట ఎటు తిరిగినా చివరికి ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తుంది: "ఒకసారి చార్జింగ్ పెడితే ఎంత దూరం వస్తాదన్నా?" కారు కొన్న మొదటి ఏడాది ఈ ప్రశ్నకి ఒకరోజు రెండొందలనీ, ఇంకోరోజు నూట అరవై అనీ చెప్పేవాణ్ణి. రెండూ నిజమే, కానీ వినేవాళ్లకి అబద్ధంలా ఉండేది. తర్వాత ఒకసారి రొయ్యల గుంటలున్న పెద్దాయన ఒకరు అడిగితే, "బ్యాటరీలో 30 యూనిట్లు పడతాయన్నా. హైవే మీద 80లో పోతే యూనిట్‌కి ఏడు కిలోమీటర్లు, 100లో పోతే ఆరు కూడా రాదు" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "అట్ట చెప్పు మరి, మా గుంటల్లో గాలి పట్టే ఏరేటర్ల కరెంటు లెక్కే గదా ఇది" అని, మద్రాసు దాకా ఎన్ని యూనిట్లు కావాలో నాకంటే ముందే గుణించి చెప్పేశాడు.

ఆ రోజు నుంచి నేనూ యూనిట్లలోనే ఆలోచిస్తున్నాను. స్క్రీన్ మీద కనిపించే కిలోమీటర్లు నిన్న మీరు ఎలా నడిపారో చూసి వేసిన అంచనా మాత్రమే. యూనిట్ అలా కాదు, మీ కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే కారు బ్యాటరీలోనూ ఉంటుంది, కిలోవాట్ అవర్ అన్నా అదే. ఈ లెక్క ఒంటబడితే రేంజి టెన్షన్ ముప్పాతిక వంతు పోతుంది. నేను వాడేది 30 యూనిట్ల బ్యాటరీ కారు కాబట్టి కింద లెక్కలన్నీ దానితోనే చెప్తాను, మీ బ్యాటరీ ఎంతో చూసుకుని అదే పద్ధతిలో మార్చుకోండి.

1. ముందు మీ కారు యూనిట్‌కి ఎంత ఇస్తోందో రాసుకోండి

షోరూంలో చెప్పే సంఖ్య ఏఆర్‌ఏఐ (మన దేశంలో బండ్లని పరీక్షించే సంస్థ) పద్ధతి పరీక్షలో వచ్చింది. ఆ పరీక్ష రోలర్ల మీద జరుగుతుంది, వేగం 90 దాటదు, సగటు వేగం చాలా తక్కువ, ఏసీ వెయ్యరు. 2020లో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీనే తీసుకోండి, బ్యాటరీ 30.2 యూనిట్లు, చెప్పిన రేంజి 312 కిలోమీటర్లు. భాగిస్తే యూనిట్‌కి పది కిలోమీటర్ల పైనే. మే నెలలో ట్రంకు రోడ్డు ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని పది ఇచ్చే కారు లేదు. అలాగని అది మోసం కాదు, కార్లని ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి పనికొచ్చే కొలత. మీ ప్రయాణానికి మాత్రం మీ కొలతే కావాలి.

కొలవడం సులువు. ట్రిప్ మీటర్ సున్నా చేసి బయలుదేరండి, చివర్లో కారు చూపించే సగటు వాడకం రాసుకోండి. చాలా కార్లు కిలోమీటరుకి ఇన్ని వాట్ అవర్లు అని చూపిస్తాయి. వెయ్యిని ఆ సంఖ్యతో భాగిస్తే యూనిట్‌కి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 140 చూపిస్తే ఏడుకి కాస్త పైన అన్నమాట. నాలుగు సంఖ్యలు చాలు: ఊళ్లో ఏసీ లేకుండా, ఊళ్లో ఏసీతో, హైవేలో 80 దగ్గర, హైవేలో 100 దగ్గర. హైవే కొలతకి నెల్లూరు నుంచి గూడూరు దాకా వెళ్లి అదే దారిన అదే వేగంతో వెనక్కి రండి. రానూపోనూ కలిపి కొలిస్తేనే గాలి ప్రభావం సరిపోతుంది, ఒకవైపు మాత్రమే కొలిస్తే ఎదురుగాలో వెనకగాలో లెక్కని పాడు చేస్తుంది.

నా కారుకి వచ్చినవి ఇవి: ఊళ్లో ఏసీ లేకుండా 9, ఎండాకాలం ఏసీతో 6.5, హైవేలో ఏసీతో 80 దగ్గర 7.2, 100 దగ్గర 5.8. ఈ నాలుగూ ఒక చీటీ మీద రాసి డాష్‌బోర్డు అరలో పెట్టాను. దూరప్రయాణం ముందు చూసుకునేది ఆ చీటీనే.

2. ఇంట్లో ప్లగ్ పాయింటు: ఇక్కడ పొదుపు వద్దు

ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే రోజువారీ చార్జింగ్‌లో నిజంగా ప్రమాదం ఉన్న చోటు ఇదొక్కటే.

కారు వచ్చిన కొత్తలో మా ఇంటి పనులు చేసే ఎలక్ట్రీషియన్ బెడ్‌రూం ఏసీ లైన్‌లోంచే ఒక వైరు లాగి పోర్టికోలో 15 ఆంప్స్ సాకెట్ బిగించి వెళ్లాడు. రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెలలో ఒక రాత్రి పదకొండింటప్పుడు మా ఆవిడ "ఏదో మాడుతున్న వాసన వస్తోంది, చూడండి" అంటే బయటికి పరిగెత్తాను. మెయిన్ ఆపి, చల్లారాక ప్లగ్గు లాగితే ఒక పిన్ను కాలి గోధుమ రంగులోకి తిరిగింది, సాకెట్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి సాగిపోయింది. ఇంకో గంట అలాగే నిద్రపోయి ఉంటే ఏమయ్యేదో అన్న ఆలోచన చాలా రోజులు వదల్లేదు.

ఎందుకు కాలింది? గ్రైండరు పావుగంట తిరుగుతుంది, గీజరు పది నిమిషాలు, ఏసీ కంప్రెషరు ఆగి ఆగి నడుస్తుంది. కారు అలా కాదు, 13 నుంచి 15 ఆంప్స్ కరెంటు ఎనిమిది తొమ్మిది గంటలు ఆగకుండా లాగుతుంది. సాకెట్ లోపల ఎక్కడైనా పట్టు వదులైతే అక్కడ వేడి పుడుతుంది, ఆ వేడికి పట్టు ఇంకా వదులవుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది.

కాబట్టి చేయించాల్సింది ఇది. మీటరు బోర్డు నుంచి కారుకని విడిగా ఒక లైను, మధ్యలో అతుకులు లేకుండా, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో. దానికి 20 ఆంప్స్ ఎంసీబీ (లోడు మించితే తనంతట తానే దిగే స్విచ్చు), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసేది). మామూలు గోడ సాకెట్ బదులు నీలం రంగు మూతతో వచ్చే ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించండి, అందులో పిన్నుల పట్టు గట్టిగా ఉంటుంది, వాన జల్లుకి కూడా మేలు. కారుతో ఇచ్చిన ప్లగ్గు అందులో పట్టకపోతే మంచి కంపెనీ 16 ఆంప్స్ సాకెట్ తీసుకుని ఏడాదికోసారి మార్చండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, రెండు పిన్నుల అడాప్టర్లు మాత్రం వద్దే వద్దు. లైను కొత్తదైనా సరే, చార్జింగ్ మొదలైన అరగంటకి ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఎర్తింగ్ సంగతి. కారు చార్జరు డబ్బా ఎర్రలైటు వేసి మొరాయించిందంటే సగం సార్లు కారణం ఎర్త్ సరిగా లేకపోవడమే. సముద్రానికి దగ్గరగా ఉండే ఊళ్లలో, మైపాడు, కొత్తపట్నం వైపు, ఉప్పు గాలికి ఎర్త్ గుంటలోని ఇనుప పైపు, దానికి బిగించిన వైరు తొందరగా తుప్పు పడతాయి. బొగ్గు, ఉప్పు వేసి కట్టిన పాత గుంటలు ఎండాకాలంలో తడారిపోతే పని చెయ్యవు, వారానికి రెండు మూడు బిందెల నీళ్లు పోయండి. కొందరు ఈ తలనొప్పి ఎందుకని సాకెట్‌లో ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి కలిపేసి లైటు పచ్చగా వెలిగేలా చేస్తుంటారు. దయచేసి ఎవరినీ ఆ పని చెయ్యనివ్వకండి. ఎప్పుడైనా న్యూట్రల్ తెగిందంటే కారు బాడీ అంతా కరెంటే, డోరు పట్టుకునేది మీ పిల్లలు కావచ్చు.

శాంక్షన్డ్ లోడు, అంటే మీ కనెక్షన్‌కి రాయించుకున్న కిలోవాట్లు, పెంచుకోవడం కూడా ఇప్పుడే చేసేయండి. కరెంటు కంపెనీ నెల్లూరు వాళ్లకి ఎస్‌పీడీసీఎల్, ఒంగోలు వైపు వాళ్లకి సీపీడీసీఎల్. ఇంటికి రెండు కిలోవాట్ల లోడు రాయించుకుని మూడు కిలోవాట్ల కారు తగిలిస్తే మీకే కాదు, మీ వీధి ట్రాన్స్‌ఫార్మరుకీ భారమే. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు సొంత మీటరు నుంచి పార్కింగ్‌కి లైను లాగించుకోవచ్చు, ఇంటి కనెక్షన్‌తో సొంత కారు చార్జింగ్ పెట్టుకోవడానికి కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు అనుమతిస్తాయి. అసోసియేషన్ వాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ కాగితం ప్రింటు తీసి చేతిలో పెట్టుకుని వెళ్తే వాదన సగం తగ్గుతుంది.

గోడకి బిగించే 7.2 కిలోవాట్ల చార్జరు, వాల్ బాక్స్, కావాలా అని చాలామంది అడుగుతారు. రోజుకి ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగేవాళ్లకి అక్కర్లేదని నా అభిప్రాయం. 15 ఆంప్స్ పాయింటు రాత్రి పది గంటల్లో మీటరు నుంచి దాదాపు 30 యూనిట్లు లాగితే, దారిలో పోయేది పోగా బ్యాటరీలోకి 26 దాకా చేరతాయి. పదీ పన్నెండు శాతం ఎక్కడ పోతాయంటే, ఇంటికొచ్చే ఏసీ కరెంటుని బ్యాటరీకి పట్టే డీసీగా మార్చేటప్పుడు వేడిగా పోతాయి. ఎండాకాలం సాయంత్రాల్లో వోల్టేజీ 195కి పడిపోతే మూడు కిలోవాట్లు కాస్తా రెండున్నర అవుతుంది, చార్జింగ్ నిదానిస్తుంది. రాత్రి పదకొండు దాటాక వోల్టేజీ నిలదొక్కుకుంటుంది కాబట్టి టైమరు అప్పటికి పెట్టుకోండి.

3. రోజూ ఎంత దాకా నింపాలి

ముందు మీ బ్యాటరీ ఏ రకమో మాన్యువల్‌లో చూడండి. ఇప్పుడు మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే టియాగో, పంచ్, నెక్సాన్ ఈవీలు, ఎంజీ విండ్సర్ ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం. హ్యుందాయ్ కోనా లాంటివి ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్). ఎన్‌ఎంసీ అయితే రోజువారీ 80 శాతం దగ్గర ఆపి, ఊరికి వెళ్లే ముందురోజు రాత్రే 100 చెయ్యడం మంచిది.

ఎల్‌ఎఫ్‌పీ కాస్త వేరు. ఇందులో 20 శాతం నుంచి 90 దాకా వోల్టేజీ దాదాపు ఒకేలా ఉంటుంది, మూత తియ్యకుండా కుండలో నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పమన్నట్టు. అందుకే కంప్యూటరు శాతాన్ని కరెంటు రాకపోకల లెక్కతో ఊహిస్తూ ఉంటుంది, ఆ ఊహ రోజులు గడిచేకొద్దీ పక్కకి జరుగుతుంది. నిదానంగా 100 దాకా నింపి, అదే ఆగిపోయేదాకా ప్లగ్గు తియ్యకుండా వదిలేస్తే సెల్స్ అన్నీ ఒక మట్టానికి వస్తాయి, శాతం లెక్కా సరిపోతుంది. ఎన్నాళ్లకోసారి చెయ్యాలో కంపెనీ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అదే పాటించండి. ఇలా చెయ్యకుండా నెలల తరబడి 40 నుంచి 80 మధ్యే తిప్పేవాళ్లకి 18 శాతం నుంచి ఒక్కసారిగా 9కి పడిపోయే అనుభవం ఎదురవుతుంది, బ్యాటరీ పాడైందని భయపడతారు. చాలాసార్లు పాడైంది బ్యాటరీ కాదు, లెక్క.

నేను రెండు మూడు రోజులకోసారి 40 దగ్గర ప్లగ్గు పెట్టి 85 దగ్గర ఆపుతాను, నెలలో రెండుసార్లు నూరు నింపుతాను. పదిహేను కిందికి ఊరికే పోనివ్వను.

బిల్లు సంగతి కూడా చెప్పుకోవాలి. నెలకి 900 కిలోమీటర్లు తిరిగితే ఏడాది సగటున బ్యాటరీలోంచి 120 యూనిట్లు, మీటరులో 135 దాకా. మన రాష్ట్రంలో ఇళ్లకి స్లాబుల పద్ధతి కాబట్టి ఈ 135 మీ వాడకం పైన కూర్చుంటుంది. 225 దాటితే యూనిట్ 8.75, 400 దాటితే 9.75 రూపాయలు, సర్దుబాటు చార్జీలు వేరు. పై స్లాబు వేసుకున్నా నెలకి 1,300 పైచిలుకు. అదే దూరానికి లీటరుకి 15 ఇచ్చే పెట్రోలు కారుకి 60 లీటర్లు, ఆరు వేల పైమాటే. సొంత ఇల్లు, మేడ మీద జాగా ఉన్నవాళ్లు పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల సోలార్ పెట్టుకుంటే 78,000 సబ్సిడీ వస్తుంది, మన ఎండకి రోజుకి సగటున 12 యూనిట్లు వస్తాయి. నా దృష్టిలో ఎలక్ట్రిక్ కారుకి ఇంతకంటే మంచి జోడీ లేదు.

4. రోహిణి కార్తె కోసం ప్రత్యేకంగా

రోళ్లు పగిలే ఎండ అంటాం కదా, బ్యాటరీకి ఆ ఎండ ఒక్కటే అంత చెడు చెయ్యదు, ఎండా నిండు చార్జీ రెండూ కలిస్తేనే చెడు. 100 నింపిన కారుని మధ్యాహ్నమంతా ఎండలో నాలుగు రోజులు వదిలెయ్యడం బ్యాటరీ వయసుని తినేసే పనుల్లో మొదటిది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నేను 75 దాటనివ్వను, ఊరికెళ్లే రోజు, నెలలో నూరు నింపే ఆ రెండు రోజులు తప్ప. వేపచెట్టు నీడ దొరికితే వంద అడుగులు ఎక్కువ నడవడానికైనా సరే అక్కడే ఆపుతాను. ఎండలో తిరిగొచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకుండా గంటా రెండు గంటలు చల్లారనివ్వండి.

ఏసీ గురించి ఒక అపోహ ఉంది, హైవే ఎక్కగానే ఆపేస్తుంటారు. లెక్క చూడండి. ఏసీ గంటకి సుమారు ఒక యూనిట్ తింటుంది, కారు ఎంత దూరం పోయిందన్నది దానికి అనవసరం. ఊళ్లో గంటసేపు తిరిగితే 20 కిలోమీటర్లు, బండి కదలడానికి రెండు యూనిట్ల పైన, ఏసీకి ఒకటి, అంటే మూడో వంతు ఏసీదే. హైవేలో గంటకి 80 కిలోమీటర్లు పోయేటప్పుడు మొత్తం 11 యూనిట్లలో ఏసీ వాటా ఒకటే. హైవే మీద ఏసీ ఆపి చెమటలు కక్కుతూ వెళ్లే బదులు వేగం పది తగ్గించండి, దాదాపు అంతే మిగులుతుంది. ఊళ్లో మాత్రం, ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టి ఉన్నప్పుడే యాప్‌లో ఏసీ ఆన్ చేసి కారుని చల్లబరచండి. ఎండలో కాగిన క్యాబిన్‌ని దించే మొదటి పది నిమిషాలే ఏసీకి అసలు ఖర్చు, అది గోడ కరెంటు మీద పడుతుంది. తర్వాత 26లో పెట్టి ఫ్యాను పెంచుకుంటే సరిపోతుంది.

5. వేగం

అన్నిటికంటే పెద్ద మీట ఇదే. 80 నుంచి 100కి వెళ్తే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లకి పైగా పెరుగుతుంది. నెల్లూరు నుంచి చెన్నై దాదాపు 175 కిలోమీటర్లు. 80లో పోతే 24 యూనిట్ల చిల్లర, 30 యూనిట్ల బ్యాటరీలో 81 శాతం, హాయిగా చేరతారు. 100లో పోతే 30 యూనిట్లు కావాలి, అంటే చేరరు. 100లో పోయి మిగుల్చుకునేది 26 నిమిషాలు, దారిలో చార్జర్ దగ్గర ఖర్చయ్యేది కనీసం అరగంట.

గాలి కూడా వేగంలో భాగమే. కార్తీకం, మార్గశిరం రోజుల్లో ఈశాన్య గాలి వీస్తుంటే నెల్లూరు నుంచి ఒంగోలు వెళ్లడం ఎదురుగాలి, రావడం వెనకగాలి. గంటకి 20 కిలోమీటర్ల ఎదురుగాలిలో 80లో పోయినా మీ కారుకి అది 100లో పోయినట్టే. టంగుటూరు దాటాక రోడ్డు పక్క చెట్లు మీ వైపు వంగి కనిపిస్తే వేగం 70కి దించండి.

టైర్లలో గాలి పదిహేను రోజులకోసారి, పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు, డోరు దగ్గర స్టిక్కరు మీద రాసినంత. పైన క్యారియర్ ఉంటే, వాడనప్పుడు తీసేయండి. అద్దాలు దించుకుని 80లో పోవడం కంటే ఏసీయే నయం.

6. దూరప్రయాణం: టోల్ గేట్లే మైలురాళ్లు

ముందురోజు రాత్రి 100. పొద్దున నాలుగున్నర ఐదు మధ్య బయలుదేరడం, ఎండ ముదిరేలోపు చేరిపోవడం. వేడెక్కిన బ్యాటరీతో మిట్టమధ్యాహ్నం ఫాస్ట్ చార్జర్ దగ్గరికి వెళ్తే కారే తనని తాను కాపాడుకోవడానికి చార్జింగ్ వేగం తగ్గించేస్తుంది.

చెన్నై దారిలో వెంకటాచలం, బూదనం, సూళ్లూరుపేట టోల్ గేట్లు వరసగా వస్తాయి, ఆగిన ప్రతిసారీ శాతం చూసుకోవడానికి అంతకంటే మంచి గుర్తులు లేవు. నా చీటీ ప్రకారం 80లో పోతే 70 కిలోమీటర్ల నాయుడుపేట దగ్గర 68 శాతం ఉండాలి, 95 కిలోమీటర్ల సూళ్లూరుపేట దగ్గర 56. నాయుడుపేటలోనే 62 కనిపించిందంటే ఎక్కడో తొక్కానన్నమాట, లేదా ఎదురుగాలి. అక్కడి నుంచి 70లో పోతాను, లేదా చార్జర్ చూసుకుంటాను. చెన్నై చేరాక ఊళ్లో తిరగడానికి ఇంకో ఏడెనిమిది శాతం పోతుందని మర్చిపోకండి.

ఒంగోలు 120 కిలోమీటర్లే, 80లో 56 శాతం. పండక్కి అత్తగారింటికి వెళ్తే అక్కడ రాత్రి 15 ఆంప్స్ పాయింటుకి తగిలిస్తే పొద్దునకి నిండిపోతుంది, ముందే ఫోన్ చేసి ఆ పాయింటుకి ఎర్త్ ఉందో లేదో బావమరిదిని కనుక్కోమనండి.

ఫాస్ట్ చార్జింగ్‌ని బిందె పట్టడంతో పోల్చుతాను. ఖాళీ బిందెకి కుళాయి పూర్తిగా తిప్పుతాం, మెడ దాకా వచ్చాక తగ్గిస్తాం. 10 నుంచి 80 దాకా చకచకా ఎక్కి, ఆ పైన నత్తనడక. 80 దాటాక నిలబడి ఎదురుచూడటం మీకూ నష్టం, వెనక లైన్లో ఉన్నవాళ్లకీ నష్టం. చాలా చోట్ల ఒకే మిషన్‌కి రెండు గన్నులు (కారుకి తగిలించే ప్లగ్గులు) ఉంటాయి, రెండో కారు తగిలిస్తే శక్తి చెరిసగం అవుతుంది, అందుకని ఖాళీగా ఉన్న మిషన్‌కే వెళ్లండి. యూనిట్‌కి 18 నుంచి 25 రూపాయల దాకా పడుతుంది కాబట్టి గమ్యానికి కావలసినంత, మీద పది శాతం ఎక్కించుకుని బయలుదేరడమే తెలివి.

యాప్‌లో పచ్చగా కనిపించినంత మాత్రాన నమ్మవద్దు. ఒకసారి 14 శాతంతో ఒక చార్జర్ దగ్గరికి చేరాను, యాప్‌లో ఖాళీగా ఉందని చూపిస్తోంది, వాచ్‌మన్ మాత్రం "రెండ్రోజులుగా పనిజెయ్యడం లేదు సార్, ఫోన్లు చేస్తానే ఉండాం" అన్నాడు. పక్కన హోటలాయన పెద్దమనసుతో కిచెన్ వెనక 15 ఆంప్స్ పాయింటు ఇచ్చాడు, పెసరట్టు తిని, గంటన్నర కూర్చుని నాలుగు యూనిట్లు ఎక్కించుకుని 60లో పోతూ తర్వాతి చార్జర్ అందుకున్నాను. అప్పటి నుంచి మూడు నియమాలు. చార్జర్ల గురించి వాడేవాళ్లే రాసే ప్లగ్‌షేర్ యాప్‌లో గత రెండు మూడు రోజుల్లో ఎవరైనా అక్కడ చార్జ్ చేసినట్టు రాశారేమో చూస్తాను. చార్జర్ దగ్గరికి చేరేటప్పటికి దాని తర్వాతిది కూడా అందేటంత, నా కారుకి 20 శాతం, చేతిలో ఉంచుకుంటాను. ఇంటి చార్జర్ డబ్బా ఎప్పుడూ డిక్కీలోనే. రెండు మూడు యాప్‌లలో వాలెట్లో కొంత డబ్బు ఉంచడం కూడా అలవాటు చేసుకోండి, సిగ్నల్ సరిగా లేని చోట అప్పటికప్పుడు రిజిస్టర్ అవ్వాలంటే ఓటీపీ రాదు.

7. దోర్నాల ఘాటు, శ్రీశైలం

ఎత్తెక్కడానికి లెక్క సులువు. నలుగురు కూర్చున్న చిన్న కారుకి ప్రతి వంద మీటర్ల ఎత్తుకి అర యూనిట్ అదనం. దిగేటప్పుడు రీజెన్ వల్ల, అంటే మోటారే జనరేటరులా తిరిగి బ్యాటరీని నింపడం వల్ల, అందులో సగానికి పైనే తిరిగొస్తుంది. దోర్నాల నుంచి శ్రీశైలం 50 కిలోమీటర్లు, ఎక్కుడూ దిగుడూ మలుపులూ, మధ్యలో అడవి తప్ప ఏమీ లేదు. నేను దోర్నాల దగ్గర కనీసం 60 శాతం లేకుండా పైకి కదలను, మార్కాపురం దాటేలోపే ఆ ఏర్పాటు చూసుకుంటాను. రాత్రిళ్లు అడవి గేటు మూస్తారు కాబట్టి ఆలస్యానికి తావులేకుండా బయలుదేరండి.

కొండ మీద బస చేసి 100 నింపుకుని దిగకండి. నిండిన బ్యాటరీలో రీజెన్‌కి చోటు ఉండదు, యాక్సిలరేటర్ వదిలినా కారు అలవాటైనంత ఆగదు, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. 85 దగ్గర ఆపి, రీజెన్ పెద్ద లెవెల్లో పెట్టుకుని దిగితే మలుపుల్లో ఎంతో నెమ్మదిగా, భద్రంగా ఉంటుంది.

8. ఊరెళ్లినప్పుడు, తుఫాను వచ్చినప్పుడు

పది రోజులు కారు కదలదంటే 50, 60 శాతం మధ్య వదిలి, ప్లగ్గు తీసి వెళ్లండి. ఎలక్ట్రిక్ కారులోనూ మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఒకటి ఉంటుంది, డోర్లు తెరిచేది, కారుని నిద్రలేపేది అదే. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా ఇది చచ్చిపోతే కారు కదలదు. డాష్‌క్యామ్ లాంటివి దీనికి నేరుగా కలిపి ఉంటే తీసేసి వెళ్లండి, మూడు నాలుగేళ్లు దాటితే ఒకసారి పరీక్ష చేయించండి.

దీపావళి దాటాక బంగాళాఖాతంలో వాయుగుండం అన్న వార్త వినగానే చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ రాత్రికే 100 నింపేయండి, ఎందుకంటే తీరం దాటాక కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేముందు మన దగ్గర కురిసిన వాన గుర్తుంది కదా. నింపాక ప్లగ్గు తీసేసి, ఎంసీబీ దించి, కారుని పోర్టికోలోనో ఎత్తు మీదో పెట్టండి, పెద్ద చెట్ల కింద వద్దు. కొన్ని మోడళ్లలో కారులోంచి ఇంట్లో ఫ్యానుకీ లైటుకీ కరెంటు తీసుకునే వసతి ఉంది, నూరు వాట్లు లాగినా 30 యూనిట్ల బ్యాటరీలో రాత్రంతా పోయేది ఒక్క యూనిటే.

బ్యాటరీ పెట్టెకి ఐపీ67 రక్షణ ఉంటుంది, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకునేలా పరీక్షించింది. అది నిలబడి ఉన్న నీళ్లకి, ప్రయోగశాలలో. 2021 నవంబరులో పెన్నా పొంగి హైవే మీద రాకపోకలు ఆగిపోయినప్పుడు పారిన నీళ్లలాంటి వాటికి కాదు. రోడ్డు మీద పారే నీళ్లలోకి కారు దింపకండి. ఒకవేళ ఆపి ఉంచిన కారు చుట్టూ నీళ్లు చేరి లోపలికి వెళ్లాయంటే, నీళ్లు తీశాక కూడా స్టార్ట్ చెయ్యొద్దు, చార్జింగ్ అసలు పెట్టొద్దు. సర్వీసు వాళ్లకి ఫోన్ చేసి లారీ మీద ఎక్కించి పంపండి, వాళ్లు ఇన్సులేషన్ పరీక్ష చేసి సరేనన్నాకే మళ్లీ ప్లగ్గు ముట్టుకోండి.